ఖుతూ పిడి: అల్‌బీరూనీ సాగించిన ఒక విచారణ

వేటకుక్క పట్టిన జంతువైనా, బాణం తగిలి పడిన జంతువైనా, ఇంకా ప్రాణంతో చేతికి చిక్కితే దానిని జిబహ్ చేయవలసిందే. ఫిఖ్హ్ గ్రంథాలలో వేట ప్రకరణం చదివినవారికి ఇది తెలిసిన విషయమే. అందుచేత వేటగాడు విల్లుతోపాటు నడుమున పదునైన కత్తి కూడా ఉంచుకోక తప్పదు. ఇరానులో ఇటువంటి కత్తిని ‘కార్ద్’ అన్నారు: తిన్నని అలుగు, ఒకే వైపు పదును, అలుగు తోకకు రెండు పక్కలా శీలలతో బిగించిన రెండు బద్దల పిడి.

అలుగులను గురించి చరిత్రకారులు ఎంతో వ్రాశారు. పిడిని గురించి వ్రాసినది స్వల్పం. అయితే నెత్తురు తడిలో చేయి జారకుండా నిలిపేది పిడే. కర్ర పిడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొని, శీలల దగ్గర వదులవుతుంది. దుప్పి కొమ్ము నిజానికి ఎముకే. ఏటేటా రాలిపోయేది గనుక జంతువును చంపకుండానే దొరుకుతుంది. గరుకుగా ఉండి పట్టుకు అనువైనదే గాని, దాని లోపలిభాగం బెండులాంటిది. పైపెచ్చు మందం మేరకే పనికివస్తుంది. ఈ లోపాలు లేని పదార్థం ఒకటి మధ్య ఆసియా అంగళ్ళలో కనిపించేది. దానినే ‘ఖుతూ’ అన్నారు.

ఇది ఏ జంతువుది? తెలిసినవారు లేరు. ఎద్దు నుదుటి ఎముక అన్నారు కొందరు, మహాపక్షి కొమ్ము అన్నారు మరికొందరు. విషం దగ్గరకు వస్తే ఖుతూకు చెమట పడుతుందన్న నమ్మకం మాత్రం అందరిలోనూ ఉండేది. వడ్డించిన ప్రతి పళ్ళేన్నీ అనుమానంతో చూసే రాజులకు ఇటువంటి పిడి ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు. ధరను పెంచింది పనితనం కాదు, భయం!

ఈ విషయంపై విచారణ జరిపినవాడు అబూ రైహాన్ అల్‌బీరూనీ (973–1048). 1027 ప్రాంతంలో ఖితాయి రాజు దూతలు గజనీ దర్బారుకు వచ్చారు. ఖుతూను మీవారు ఎందుకింత ఆదరిస్తారని ఆయన వారినే ప్రశ్నించాడు. విషానికి చెమర్చుతుందన్నది తప్ప వారివద్ద వేరే కారణం దొరకలేదని, అది ఎద్దు నుదుటి ఎముకేనని వారు చెప్పారని ‘కితాబుల్ జమాహిర్’లో నమోదు చేశాడు.

అల్‌బీరూనీ అంతటితో ఆగలేదు. ఆయన పుట్టిన ఖ్వారజ్మ్ ఉత్తరదేశాల వర్తకానికి వాకిలి. బుల్గార్ ప్రాంతం నుండి అక్కడికి వచ్చే సరుకులలో చేపదంతాలు ఉన్నట్లు పదవ శతాబ్దంలోనే అల్‌ముఖద్దసీ పేర్కొన్నాడు. ఉత్తర సముద్రం నుండి తెచ్చే మూరెడుకు మించిన ఈ దంతాలను కోసి కత్తి పిడులు చేసేవారని అల్‌బీరూనీ వ్రాశాడు. ఒక ఖ్వారజ్మీ అలాంటి దంతంతో పిడులు చేయించి మక్కాకు తీసుకుపోగా, జనం వాటిని తెల్ల ఖుతూ అనుకొని పెద్ద మొత్తానికి కొన్నారట. రెండూ ఒకటేనని అల్‌బీరూనీ తేల్చలేదు. అయినా ఈ వృత్తాంతాన్ని దూతల మాటల సరసన ఉంచడంలోనే ఆయన వివేకం కనబడుతుంది. దర్బారులకు తెలియని సంగతి అంగడికి కొంత తెలిసింది. 1070వ దశకంలో మహమూద్ కాష్గరీ తన తుర్కీ నిఘంటువులో కత్తి పిడులతోపాటు విషపరీక్షను గూడా మళ్ళీ ప్రస్తావించాడు. వదంతికి ఆయుర్దాయం ఎక్కువ.

వాల్రస్ దంతాన్ని అడ్డంగా కోస్తే వెలుపల నున్నని తెలుపు, లోపల చలువరాతిని పోలిన మచ్చలు కనిపిస్తాయి. పనివాడు ఆ మచ్చలు పైకి తేలేటట్లు చెక్కేవాడు. పర్షియన్‌లో ఆ మచ్చలకు ‘జౌహర్’ అని పేరు. మేలైన ఉక్కు అలుగుపై కనబడే నీటిచారలకూ అదే పేరు. ఆ ఉక్కు ముద్దలు గోల్కొండ రాజ్యం నుండి ఇరానుకు వచ్చేవని పదిహేడవ శతాబ్దంలో తవెర్నియే వ్రాశాడు. అంటే ఒకే కత్తిలో తెలంగాణ ఉక్కు, ఉత్తర ధ్రువప్రాంతపు దంతం కలిసే అవకాశం ఉండేదన్నమాట.

జహాంగీర్ (1605–1627) ఈ మచ్చల దంతంపై ఎంతో మోజుపడి, దానికోసం ఇరాన్, తూరాన్‌లలో వెదికించాడు. కటారి పిడులు చెక్కే పనిని పూరన్, కల్యాణ్ అనే ఇద్దరు ఉస్తాదులకు అప్పగించినట్లు తన స్వీయచరిత్రలో చెప్పుకున్నాడు. పనివారి పేర్లు రాజుల రచనలలోకి ఎక్కడం అరుదు.

ఖుతూ అంటే వాల్రస్, నార్వాల్ అనే సముద్ర జంతువుల దంతమేనని బెర్తోల్డ్ లాఫర్ అనే పండితుడు 1913లో నిర్ధారించాడు. అప్పటికి అల్‌బీరూనీ మూలగ్రంథం అచ్చు కాలేదు. దానిని క్రెంకో పరిష్కరించగా 1936లో మొదటిసారి ప్రచురించినది హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్.