ఖజానా బిగిస్తే రోడ్లేమవుతాయి? జయకర్ కమిటీ నుంచి గమ్హరియా దాకా

బడ్జెట్ ఒత్తిడి అనగానే మనలో చాలామంది లోటు శాతాలు రాసి ఆపేస్తారు. ఆ ఒత్తిడి ఎవరి మీద పడిందో రాస్తేనే మార్కులు. జీతాలు, పెన్షన్లు, వడ్డీలు ఆపడం ఏ ప్రభుత్వానికైనా కష్టం. రోడ్డు పని ఏడాది వాయిదా వేస్తే వెంటనే అడిగేవారు తక్కువ. అందుకే మొదటి కోత తరచూ అక్కడే. మూడు దశలు గుర్తుంచుకోండి.

1. ప్రత్యేక నిధి: 1919 చట్టం కింద రోడ్లు ప్రావిన్సుల బాధ్యత. మోటారు వాహనాలు పెరిగాయి కానీ ప్రావిన్సుల రాబడి చాలలేదు. 1927లో వేసిన జయకర్ కమిటీ, ఇది ప్రావిన్సుల శక్తికి మించిన పని అని తేల్చింది. 1929లో పెట్రోలు సుంకం గాలనుకు 4 అణాల నుంచి 6 అణాలైంది. అదనపు 2 అణాలు రోడ్డు నిధికి వెళ్లాయి.

2. 1991 తర్వాత: లోటు తగ్గించే భారం మూలధన వ్యయం మీదే ఎక్కువగా పడింది. 1995లో జాతీయ రహదారుల చట్టాన్ని సవరించి ప్రైవేటు పెట్టుబడికి దారి తెరిచారు. 2000లో కేంద్ర రోడ్డు నిధి చట్టం వచ్చింది.

3. యాన్యుటీ: జంషెడ్‌పూర్ పక్కన గమ్హరియా పారిశ్రామిక ప్రాంతం. దాని మీదుగా వెళ్లే ఆదిత్యపూర్–కాండ్రా రోడ్డును జార్ఖండ్ ప్రభుత్వం ఐఎల్ అండ్ ఎఫ్ఎస్‌తో కలిసి ఈ పద్ధతిలో చేపట్టింది. కంపెనీ అప్పు తెచ్చి రోడ్డు వేస్తుంది. ప్రభుత్వం ఏళ్ల తరబడి వాయిదాల్లో చెల్లిస్తుంది. ట్రాఫిక్ తగ్గితే ఆ నష్టం కంపెనీది కాదు.

లాభం: డబ్బు కూడేదాకా ఆగకుండా రోడ్డు వస్తుంది, నిర్వహణ కూడా ఒప్పందంలోనే ఉంటుంది. నష్టం: వాయిదా కూడా వడ్డీలాగే తప్పనిసరి ఖర్చవుతుంది. రేపు ఖజానా బిగిస్తే కోత ఒప్పందం లేని పల్లె రోడ్ల మీద పడుతుంది. పైగా 2018లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అప్పులు కట్టలేకపోయింది. అక్టోబరులో కేంద్రం దాని బోర్డునే మార్చాల్సి వచ్చింది. అంటే ఒత్తిడి పోలేదు, చేతులు మారిందంతే.

ముగింపులో ఈ మాట రాయండి: రోడ్డు వేయడానికి డబ్బు ఎక్కడిదన్నది సగం ప్రశ్నే, పదేళ్ల తర్వాత గుంతలు పూడ్చేదెవరన్నది మిగతా సగం.

సాధన ప్రశ్న: "యాన్యుటీ పద్ధతి ద్రవ్య ఒత్తిడిని తగ్గిస్తుందా, వాయిదా వేస్తుందా?" 150 పదాల్లో రాసి చూడండి.