బుర్రకథ వాద్యాలు

బుర్రకథ వాద్యాలు అనగా బుర్రకథ ప్రదర్శనలో కథకుడు, అతని ఇద్దరు వంతలు ఉపయోగించే వాయిద్యములు. తంబుర, అందెలు, గుమ్మెట, కాలి గజ్జెలు వీటిలో ముఖ్యమైనవి. బుర్రకథ తెలుగువారి జానపద కథాగాన రూపాలలో ప్రసిద్ధమైనది. దీనికి జంగంకథ, తంబురకథ అను పేర్లు కూడా ఉన్నాయి. పూర్వపు గుంటూరు జిల్లాలో తెనాలి, చుండూరు, రేపల్లె, బాపట్ల ప్రాంతాల పల్లెల్లో శ్రీరామనవమి పందిళ్ళలోను, తిరునాళ్ళలోను ఈ కథలు చెప్పించడం వాడుక. 2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత చుండూరు మండలం బాపట్ల జిల్లాలో చేరింది.

తంబుర

కథకుడు భుజాన మోసే తంత్రీ వాద్యం ఇది. దీని గుండ్రని బోలు భాగాన్ని బుర్ర అంటారు. ఈ కళకు బుర్రకథ అనే పేరు దీనివల్లనే వచ్చినదని చెబుతారు. శాస్త్రీయ సంగీత కచేరీలలో తంబుర పట్టినవారు కూర్చొని శ్రుతి మాత్రమే అందిస్తారు. ఇక్కడ కథకుడు దానిని మోస్తూ, ముందుకు వెనుకకు అడుగులు వేస్తూ మీటుతాడు. అందువలన ఈ తంబుర చిన్నదిగా, తేలికగా ఉంటుంది.

అందెలు

ఇవి లోపల గుండ్లు ఉండే బోలు లోహపు ఉంగరాలు. కథకుడు ఒకదానిని బొటనవేలికి తొడిగి, మరొక దానిని వేళ్ళతో పట్టుకొని, రెండింటినీ తాకించి తాళం వేస్తాడు. వచనం నుండి పాటకు, పాట నుండి వచనానికి మారే చోట్ల ఈ చప్పుడు వంతలకు సంకేతంగా పనిచేస్తుంది.

గుమ్మెట

వంతలు వాయించే చర్మవాద్యం. దీనినే డక్కి, బుడికె అని కూడా పిలుస్తారు. మట్టితో చేసిన బుర్రకు రెండు వైపులా చర్మం మూస్తారు. లోహంతో చేసినవి కూడా వాడుకలో ఉన్నాయి. తేమకు చర్మం సడలుతుంది కనుక ప్రదర్శనకు ముందు సెగ చూపి బిగువు తెస్తారు. వంతలలో ఒకరు హాస్యం చెబుతారు. రెండవవారు కథను వర్తమాన రాజకీయ, సాంఘిక విషయాలతో ముడిపెడతారు. ఇద్దరూ "తందాన తాన" అని వంత పాడుతూ గుమ్మెట వాయిస్తారు. యుద్ధ ఘట్టాలలో వాయింపు వేగం హెచ్చుతుంది, కరుణ ఘట్టాలలో దాదాపు ఆగిపోతుంది.

చరిత్ర

తొలుత జంగాలు కుటుంబాలతో ఊరూరా తిరుగుతూ ఈ వాద్యాలతో వీరగాథలు, భక్తికథలు చెప్పి జీవించేవారు. 1940వ దశకంలో కమ్యూనిస్టు ఉద్యమం ఈ రూపాన్ని చేపట్టింది. 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడింది. ఆ కాలంలో కాకుమాను సుబ్బారావు, నాజీలు ఉరితీసిన సోవియట్ యువతి కథను 'టాన్యా' పేరుతో బుర్రకథగా వ్రాశారు. మోటూరు ఉదయం నాయకత్వాన మహిళా దళం కూడా కథలు చెప్పింది. వేదికపై స్త్రీలు తంబుర, గుమ్మెట పట్టడం నాటి సమాజంలో పెద్ద మార్పు. చదువురాని వారికి సైతం రాజకీయ విషయాలు సులువుగా చేరుతున్నందున మద్రాసు, నైజాం ప్రభుత్వాలు బుర్రకథను నిషేధించాయి.

గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ (1920-1997) ఈ కళకు ఆధునిక రూపం ఇచ్చిన వారిలో అగ్రగణ్యుడు. 'పల్నాటి యుద్ధం', 'బొబ్బిలి యుద్ధం' ఆయన చెప్పిన కథలలో పేరొందినవి. 1954లో విడుదలైన 'అగ్గిరాముడు' చిత్రంలో ఆయన అల్లూరి సీతారామరాజు కథ చెప్పారు. భారత ప్రభుత్వం 1986లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం ఇచ్చింది. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'.

ప్రస్తుత స్థితి

ఒకప్పుడు నిషేధానికి గురైన ఈ కళనే తరువాతి ప్రభుత్వాలు కుటుంబ నియంత్రణ, అక్షరాస్యత వంటి కార్యక్రమాల ప్రచారానికి వినియోగించాయి. 1948లో ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం బుర్రకథలను ప్రసారం చేసింది. రేడియోలో అడుగులు, అభినయం కనబడవు కనుక కథ భారమంతా గొంతుపైన, ఈ వాద్యాలపైనే పడింది. సినిమా, టెలివిజన్ వ్యాపించాక రాత్రంతా సాగే కథలు తగ్గి, అరగంట, గంట ప్రదర్శనలు మిగిలాయి. సుదీర్ఘ కథలు చెప్పేవారు తగ్గితే వాద్యం వస్తువుగా నిలిచినా, ఏ ఘట్టానికి ఏ వాయింపు అన్న పరిజ్ఞానం నిలవదు. అది గురువు వెంట తిరిగి, వంతగా నిలబడి నేర్చుకొనే విద్య.