కలప మిల్లు కూలీలూ, కనిగిరి కుర్రాడూ

"ఇక్కడ మనలా ఆలోచించే మనిషే దొరకడండీ" అని మనవాళ్లు తరచూ అంటుంటారు. వందేళ్ల కిందట దొరికారు.

1913లో ఆరెగాన్ రాష్ట్రం ఆస్టోరియాలో కలప మిల్లుల్లో పనిచేసే పంజాబీలు ఒక సంఘం పెట్టుకున్నారు. అధ్యక్షుడు సోహన్ సింగ్ భక్నా, ఆయనా మిల్లు కూలీయే. కార్యదర్శి లాలా హర్‌దయాళ్, స్టాన్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పినాయన. నవంబర్ 1న శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వాళ్ల పత్రిక 'గదర్' మొదలైంది. ఆ పేరే పార్టీకీ నిలిచిపోయింది.

కాలిఫోర్నియాలో చదువుకోడానికొచ్చిన మన కనిగిరి కుర్రాడు దరిశి చెంచయ్య వాళ్లలో కలిశాడు. తర్వాత బ్రిటిష్ వాళ్ల జైలు చూశాడు. ఆ కథంతా 'నేనూ నా దేశం'లో రాసుకున్నాడు.

వీళ్ల భాష, మతం, చదువు ఒకటి కాదు. కలిపింది ఒకటే ప్రశ్న: ఇక్కడ మనకు మర్యాద ఎందుకు లేదు? మన దేశం మన చేతుల్లో లేదు కాబట్టి అని వాళ్లకు తోచింది.

మనమేమో ఊరు, కులం, వీసా చూసుకుని మనుషుల్ని వెతుకుతున్నాం. అలా వెతికితే బంధువులు దొరుకుతారు గానీ, ప్రశ్న అడిగేవాళ్లు దొరకరు. పక్క షిఫ్టులో ఉన్న వేరే భాషాయనతో ఓసారి కూర్చుని మాట్లాడి చూడండి.