మిల్ గారింటి బడి, మిగిలిన ఎనిమిది మంది

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పుకోవాలనుకునే తల్లిదండ్రులు మన హేతువాదుల్లో కూడా కొంతమంది ఉన్నారు. కారణం అడిగితే వరసగా చెబుతారు. పొద్దున్నే ప్రార్థన, పరీక్షల ముందు సరస్వతీ పూజ, గ్రహణం రోజున పిల్లల్ని బయటికి రావద్దనే సైన్సు మాస్టారు... వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, నాకూ ఇద్దరు పిల్లలున్నారు. అయితే ఈ చర్చ ఎక్కడ మొదలైనా కాసేపటికి ఒక పేరు వచ్చి తీరుతుంది: జాన్ స్టూవర్ట్ మిల్. బడి మొహం చూడలేదు, దేవుణ్ణి నమ్మమని తండ్రి చెప్పలేదు, ఎంతటివాడయ్యాడో చూడండి అంటారు.

ఈమధ్య ఒక మిత్రుడు తన పదకొండేళ్ళ కూతుర్నీ ఆరేళ్ళ కొడుకునీ బడి మాన్పిద్దామనుకుంటున్నానని చెబుతూ ఈ ఉదాహరణే ఇచ్చాడు. "ఇద్దరికీ వేరువేరుగా ఎలా చెబుతావయ్యా, ఉద్యోగం చేసుకుంటూ?" అని అడిగాను. "పెద్దదానికి నేను చెబుతాను, చిన్నవాడికి అది చెబుతుంది" అన్నాడు. మిల్ గారింట్లో జరిగింది సరిగ్గా ఇదే. అందుకే ఆ ఇంట్లోకి ఒకసారి తొంగిచూద్దాం. బాబాల మహిమల్ని ఏ ప్రశ్నలతో పరీక్షిస్తామో, మనకు నచ్చిన కథని కూడా అవే ప్రశ్నలతో పరీక్షించాలి కదా.

తండ్రి జేమ్స్ మిల్. ఇండియా గడ్డ మీద అడుగుపెట్టకుండా, ఒక్క భారతీయ భాష కూడా రాకుండా బ్రిటిష్ ఇండియా చరిత్ర రాసిన పెద్దమనిషి. ఆ పుస్తకం 1806లో మొదలుపెట్టాడు, అదే సంవత్సరం జాన్ పుట్టాడు. పూర్తయ్యేసరికి 1817 అయింది. ఈ మధ్యకాలంలో పుస్తకమూ పిల్లవాడి చదువూ ఒకే గదిలో, ఒకే బల్ల మీద నడిచాయి. జాన్‌కి మూడో ఏటనే గ్రీకు మొదలుపెట్టారు. గ్రీకు మాటలకి ఇంగ్లీషు అర్థాలు చెప్పే నిఘంటువు అప్పట్లో లేదు, లాటిన్ అర్థాలు చూసుకుందామంటే వాడికింకా లాటిన్ రాదు. కాబట్టి తెలియని ప్రతి మాటకీ తండ్రిని అడగాల్సిందే. ఆయన కలం ఆపి చెప్పేవాడు. జేమ్స్ మిల్ మహా కోపిష్టి. అయినా ఈ అంతరాయాన్ని ఏళ్ళ తరబడి భరించాడని కొడుకే తర్వాత ఆత్మకథలో రాశాడు. పొద్దున్నే షికారుకి వెళ్ళినప్పుడు నిన్న చదివిందంతా తండ్రికి అప్పజెప్పాలి, అందుకోసం చిన్న కాగితం ముక్కల మీద గుర్తులు రాసుకునేవాడు. ఇంత శ్రద్ధ పెట్టే తండ్రి ఈ రోజుల్లో ఎంతమందికి దొరుకుతాడు? ఇందులో ఆయన్ని మెచ్చుకోకుండా ఉండలేం.

కానీ ఇంట్లో పిల్లలు మొత్తం తొమ్మిది మంది. జాన్ అందరికంటే పెద్దవాడు, ఆఖరివాడు పుట్టింది 1825లో. ఒక్కొక్కరికీ ఇలాగే బల్ల దగ్గర కూర్చోబెట్టుకుని చెబితే చరిత్ర పుస్తకం ఎప్పటికి అవుతుంది? దీనికి జేమ్స్ మిల్ కనిపెట్టిన ఉపాయం పెద్దవాడి చేత చిన్నవాళ్ళకి చెప్పించడం. నిజానికి ఆయన కొత్తగా కనిపెట్టలేదు, అప్పట్లో లండన్‌లో అదొక ఊపు. అది బయలుదేరింది ఎక్కడినుంచి అనుకున్నారు? మన మద్రాసు నుంచే!

1789లో ఆండ్రూ బెల్ అనే పాస్టరు ఎగ్మూరులోని సైనికుల అనాథ మగపిల్లల ఆశ్రమానికి పెద్ద అయ్యాడు. అక్కడి ఉపాధ్యాయులతో వేగలేకపోయాడు. ఒకరోజు దగ్గర్లోని ఒక నాటు బడిలో పిల్లలు ఇసకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి, తన ఆశ్రమంలోనూ అలాగే పెట్టించాడు. మాస్టారు మొండికేస్తే జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ కుర్రాడికి అక్షరాల తరగతి అప్పగించాడు. పని జరిగింది. 1797లో దాని మీద లండన్‌లో ఒక చిన్న పుస్తకం వేశాడు. జోసెఫ్ లంకాస్టర్ అనే ఇంకొకాయన ఇలాంటి పద్ధతినే అక్కడ పేదపిల్లల బడుల్లో పెద్ద ఎత్తున నడిపాడు. చర్చి బెల్ పక్షాన నిలిచింది, చర్చి పెత్తనం వద్దనేవాళ్ళు లంకాస్టర్ పక్షాన చేరారు. జేమ్స్ మిల్ ఈ రెండో జట్టులో ముఖ్యుడు, 1812లో దీని మీద పుస్తకమే రాశాడు. ఒక్క ఉపాధ్యాయుడి జీతంతో వందలమందికి చదువు వస్తుందంటే ఎవరికి చేదు?

ఇక్కడ మనవాళ్ళు ఛాతీ విరుచుకోవడం నాకు తెలుసు. బళ్ళారి కలెక్టరు, తెలుగు వ్యాకరణం రాసిన ఏ.డి. క్యాంబెల్ 1823లో ప్రభుత్వానికి పంపిన నివేదికలో మన వీధిబడుల్లోని ఈ పద్ధతిని మెచ్చుకున్న మాట నిజమే. ధరంపాల్ 1983లో ఆ కాలపు కాగితాలన్నీ అచ్చువేశాక ఆ మెప్పుదల చాలామంది నోట వినిపిస్తోంది. అయితే అదే నివేదికలో మిగతా సంగతులు కూడా చదవాలి. ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న ఆనాటి బళ్ళారి జిల్లాలో 9,27,857 మంది జనానికి 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు 60 మంది. జిల్లా మొత్తానికి! పిల్లలు పద్యాలు చిలకల్లా వల్లిస్తారు గానీ అర్థం తెలియదని కూడా ఆయనే రాశాడు. ఇంటి చదువు సంగతికొస్తే, మద్రాసు పట్నంలో బడుల్లో చదివేవాళ్ళు 5,500 పైచిలుకు, ఇళ్ళల్లో చదివేవాళ్ళు 26 వేల పైచిలుకు అని ఆ లెక్కల్లోనే వచ్చింది. గవర్నరు మన్రో 1826లో ఆ అంకె చూసి ఇందులో ఏదో పొరపాటుందని అనుమానించాడు. ఇంట్లో జరిగే చదువుని లెక్కపెట్టడం అప్పుడూ అంత తేలిక కాదు.

సరే, లండన్‌కి తిరిగి వెళదాం. జాన్ ఎనిమిదో ఏట లాటిన్ మొదలుపెట్టాడు. తను నేర్చుకున్న పాఠం నేర్చుకున్నట్టే చెల్లెలు విల్హెల్మినాకి చెప్పాలి, ఆమె వెళ్ళి తండ్రికి అప్పజెప్పాలి. తర్వాత క్లారా, హారియెట్, ఇలా ఒక్కొక్కరూ పెరిగేకొద్దీ ఈ పని జాన్ దినచర్యలో పెద్ద భాగమైపోయింది. వాళ్ళు తప్పు చెబితే బాధ్యత తనదే.

దీనికి బయటి సాక్షి ఒకడున్నాడు, ఫ్రాన్సిస్ ప్లేస్. వృత్తికి దర్జీ, రాజకీయాల్లో తీవ్రవాది, మిల్‌కి మంచి స్నేహితుడు. 1817లో ఫోర్డ్ ఆబీ అనే పాత మఠం భవనంలో బెంథామ్ అతిథులుగా మిల్ కుటుంబమూ ప్లేసూ కలిసి ఉన్నారు. అక్కడినుంచి ప్లేస్ భార్యకి రాసిన ఉత్తరంలో ఒకనాటి సంగతి ఉంది. విల్హెల్మినా, క్లారా పాఠం సరిగ్గా అప్పజెప్పలేదు. ముగ్గురికీ భోజనం బంద్. ఆడపిల్లలు తప్పు చెప్పినందుకు, అన్న ఆ తప్పుని దాటనిచ్చినందుకు. ఆ తప్పు ఎంతటిదయ్యా అంటే, ఒక్క మాట. అప్పటికి జాన్ వయసు పదకొండు, పెద్ద చెల్లెలికి తొమ్మిది.

ఈ పద్ధతి గురించి జాన్ మిల్ స్వయంగా ఏమన్నాడో మన సభల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఇంకొకరికి చెప్పడం వల్ల తనకి ఆ విషయాలు బాగా వంటబట్టాయని ఒప్పుకున్నాడు. కానీ ఆ పని తనకి ఎంతమాత్రం ఇష్టం లేదన్నాడు. పిల్లల చేత పిల్లలకి చెప్పించే చదువు చదువుగా చూస్తే పనికిరానిదనీ, గురుశిష్య సంబంధం ఆ వయసులో ఇద్దరి స్వభావానికీ మంచి చెయ్యదనీ ఖండితంగా రాశాడు. అంటే లాభమంతా చెప్పినవాడికే, విన్నవాళ్ళకి కాదు. మన మిత్రుడి లెక్కలో ఆరేళ్ళవాడి స్థానం ఇదీ.

ఇంకో సంగతి. తన తెలివితేటలు సగటు కంటే తక్కువేననీ, తను చేసింది ఆరోగ్యంగా ఉన్న ఏ పిల్లవాడైనా పిల్లైనా చెయ్యగలదనీ మిల్ రాశాడు. ఇది వినయమే అయినా, పరీక్షకి నిలబడవలసిన వాదన కూడా. అదే ఇల్లు, అదే తండ్రి, అవే పుస్తకాలు. మిగిలిన ఎనిమిది మందిలో ఇంకో మిల్ రాలేదు. తమ్ముళ్ళలో ఒకడు కంపెనీ ఉద్యోగం మీద ఇండియా వచ్చాడు, ఒకడు 1840లోనే క్షయతో పోయాడు. చెల్లెళ్ళ పేర్లు చెప్పమంటే మనలో ఎంతమందిమి చెప్పగలం? దీన్నిబట్టి పద్ధతి విఫలమైందని కూడా తేల్చలేం, ఎందుకంటే పెద్దవాడికి దొరికిన గురువు జేమ్స్ మిల్, మిగతావాళ్ళకి చాలావరకు దొరికింది ఒక పసివాడు. నేననేది ఒకటే: తొమ్మిది మందిలో ఒక్కణ్ణి ఏరి చూపించి పద్ధతి గొప్పదనడం, జాతకం ఫలించిన ఒక్కణ్ణి చూపించి జ్యోతిషం నిజమనడం లాంటిదే.

ఇంకొకరు కూడా ఈ కథలో కనిపించరు. అచ్చైన ఆత్మకథలో తల్లి గురించి ఒక్క ముక్క లేదు. తొమ్మిది మందిని కని, వండి, వార్చి, ఉతికి, వాళ్ళ జబ్బులకి జాగారం చేసిన హారియెట్ లేకపోతే ఆ బల్ల దగ్గర గ్రీకు చదువు ఎన్నాళ్ళు సాగేదో ఆలోచించండి. ఇంటి చదువుల కథల్లో తండ్రి పాఠం చెబుతుంటాడు, గిన్నెలు ఎవరు తోముతున్నారో ఎవరూ రాయరు.

మిల్ తన తండ్రిని తప్పుపట్టి వదిలెయ్యలేదు. చదువు చెప్పడంలో ఆయనకి ఇవ్వాల్సిన గౌరవమంతా ఇచ్చాడు. పిల్లలందరినీ ఒకే మూసలో పోస్తుందని ప్రభుత్వ చదువు మీద అనుమానం కూడా చివరిదాకా పెట్టుకున్నాడు. కానీ 1859లో స్వేచ్ఛ గురించి పుస్తకం రాసినప్పుడు, తల్లిదండ్రుల ఇష్టానికి మాత్రం పిల్లల్ని వదిలెయ్యలేదు. ఎక్కడైనా చదివించుకోండి, ఇంట్లోనైనా సరే, కానీ ప్రతి పిల్లకీ పిల్లవాడికీ చిన్న వయసు నుంచీ బహిరంగ పరీక్ష ఉండాలన్నాడు. మతం, రాజకీయం లాంటి వివాదాస్పద విషయాల్లో ఏది నిజమని అడగకూడదు, ఎవరు ఏ కారణాలతో ఏమంటున్నారో తెలుసా అని మాత్రమే అడగాలి. మన మిత్రుడికి ఆ పేజీలు చదవమని ఇచ్చాను. పరీక్షలో పిల్లకి చదవడం రాదని తేలితే ఏం చెయ్యాలో కూడా అందులో ఉంది: తగిన కారణం చూపకపోతే తండ్రికి ఓ మోస్తరు జరిమానా, డబ్బు లేకపోతే ఒళ్ళు వంచి పనిచేసి తీర్చాలి, పిల్లని ఆయన ఖర్చు మీదే బడిలో వెయ్యాలి.