భూర్జద్వీపమందలి చిన్న సంఘము



భూర్జపత్రము అను మాట మీలో కొందరు వినియుందురు. పూర్వము కాశ్మీరమున గ్రంథములు వ్రాసికొనుటకు వాడిన బెరడు అది. ఆ హిమాలయ వృక్షము మన పల్లెలలో లేదు. అయితే దాని జాతి చెట్లు స్వీడను, నార్వే దేశములలో మనకు వేపచెట్టువలె అందరు ఎరిగినవి. అచ్చటివారు ఆ చెట్టును 'బ్యోర్క్' అందురు. డెన్మార్కువారు 'బిర్క్' అందురు. ఈ మాటలును సంస్కృతమందలి 'భూర్జ' శబ్దమును ఒకే ప్రాచీన మూలమునుండి పుట్టినవి. ఆ మూలమునకు మెరయుట అని అర్థమని పండితులు చెప్పుదురు. దాని బెరడు తెల్లనిది గదా!

స్వీడను దేశములో స్టాక్‌హోము పట్టణమునకు పడమటనున్న మేలరెన్ సరస్సులో బ్యోర్కో అను ద్వీపము గలదు. భూర్జద్వీపమని ఆ పేరునకు అర్థము. దానిమీద పూర్వము బిర్కా అను వర్తకపట్టణముండెను. సుమారు క్రీ.శ. 829లో అన్స్గార్ అను సన్న్యాసి సువార్త ప్రకటించుటకు అచ్చటికి బయలుదేరెను. త్రోవలో ఓడదొంగలు అతని పుస్తకములతోకూడ సమస్తము దోచుకొనిరి. అయినను అతడు వెనుదిరుగలేదు. రాజు బోధించుటకు సెలవిచ్చెను. పట్టణాధికారియైన హెరిగార్ బాప్తిస్మము పొంది, తన స్వంత భూమిలో దేవాలయము కట్టించెను.

సుమారు 845లో ప్రజలు లేచి, అప్పుడు అచ్చటనున్న బిషప్పును వెళ్లగొట్టిరి. దాదాపు ఏడేండ్లు ఆ సంఘమునకు కాపరి లేడు. ప్రభురాత్రి భోజనము ఇచ్చువారు లేరు. అయినను హెరిగార్ విశ్వాసము విడువలేదు. ఫ్రీదెబుర్గ్ అను వృద్ధురాలు కొంత ద్రాక్షారసము కొని, పాత్రలో దాచి, తన కడపటి గడియలో అది తన నోట పోయుమని కుమార్తెతో చెప్పెను. మూడేండ్లు అది అట్లేయుండెను. తుదకు అన్స్గార్ పంపిన ఆర్ద్గార్ అను గురువు వచ్చెను. ఆమె అతని చేతినుండి ప్రభుభోజనము పుచ్చుకొని, సమాధానముతో కన్నుమూసెను.

అడవి కాలిపోయిన నేలమీద ముందుగా మొలచు చెట్లలో భూర్జవృక్షమొకటి. తక్కిన చెట్లు దాని వెనుక వచ్చును. హెరిగారును ఫ్రీదెబుర్గును అట్టివారే. స్వీడను రాజైన ఓలోఫ్ బాప్తిస్మము పొందినది సుమారు 1008లో. అప్పటికి బిర్కా పట్టణమే పాడుపడియుండెను. తాము నాటినదాని ఫలమును వారు చూడలేదు.

సహోదరులారా, అయ్యగారు నెలకొకమారు మాత్రమే రాగల పల్లెలు మనలోను అనేకములు గలవు. మిగిలిన ఆదివారములలో మీ గుడి తలుపు ఎవరు తీయుచున్నారు? పిల్లలకు వాక్యము ఎవరు నేర్పుచున్నారు? మంచముపట్టిన ముసలమ్మ ప్రక్కన కూర్చుండి ఎవరు ప్రార్థించుచున్నారు? అయ్యగారు వచ్చువరకు ఆ పని మీ చేతిలోనే యున్నది.