రూ.అ.పై. నుంచి ఆర్ దాకా

గుంటూరు మిర్చియార్డులో 334 అంటే ధర కాదు, బస్తాల లెక్కా కాదు. అదొక మిరప రకం పేరు. 341 కూడా అంతే. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే హమాలీకి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు గానీ కంప్యూటరుకు చెప్పాలి. రకాల కాలమ్‌లో అన్నీ అంకెలే కనిపిస్తే, అడిగిందే తడవుగా ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష వాటి సగటు కూడా తీసి చేతిలో పెడుతుంది.

రాసింది ఒకటి, అర్థం మరొకటి అయ్యే ఈ తంటా ఇక్కడివాళ్లకు కొత్తేమీ కాదు. పాత మద్రాసు తూకాల్లో ఎనిమిది వీశెలు మణుగు, ఇరవై మణుగులు బారువ. మణుగు 25 పౌన్లు కాబట్టి బారువ 500 పౌన్లు, అంటే దాదాపు 227 కిలోలు. బొంబాయి పత్తి బజారు కండీ మాత్రం 784 పౌన్లు. ఇంగ్లీషు కాగితాల్లో రెండింటి పేరూ క్యాండీయే!

1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాయి. అణాకు ఆరుంపావు. ఆ పావుతోనే పేచీ: అణాకు ఆరు చొప్పున నాలుగుసార్లు ఇస్తే ఇరవై నాలుగు, పావలాకేమో ఇరవై ఐదు. మరుసటి ఏడు అక్టోబరు నుంచి మెట్రిక్ తూకాలు దశలవారీగా దిగాయి. వీశెల్లో రాసినవి కిలోల్లోకి, అణాలు పైసల్లోకి మార్చడం గుమాస్తాల వంతయింది.

అణాల కాలంనాటి పద్దు 12-8-6 అంటే పన్నెండు రూపాయల ఎనిమిదణాల ఆరు పైలు. పై అంటే అణాలో పన్నెండో వంతు. నేటి లెక్కలో ఇది 12.53 రూపాయలు. ఆర్‌ను తేదీగా చదవమంటే మాత్రం క్రీస్తుశకం 12వ సంవత్సరం, ఆగస్టు 6 అంటుంది.

రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఈ భాషకు 1,25,000 అని కామాలతో ఇస్తే అంకెగా మార్చలేక ‘ఎన్ఏ’ (విలువ లేదు) అని చేతులెత్తేస్తుంది. ముందు జీసబ్ అనే ఫంక్షన్‌తో కామాలు తీసేయాలి. ౧౨౫ అని తెలుగులో రాస్తే కార్‌టీఆర్ ఫంక్షన్‌తో అంకెకు అంకె మార్చాలి. అయినా ఇలా చేతులెత్తేయడమే నయం. 2020లో ఆర్ 4.0 వచ్చేదాకా, కామాలున్న ధరల కాలమ్‌ను ఫైలు నుంచి చదివేటప్పుడే ‘ఫ్యాక్టర్’గా, అంటే వర్గాల పేర్లుగా, మార్చేసేది. దాన్ని నేరుగా అంకెల్లోకి తిప్పితే ధరకు బదులు దాని వరుస సంఖ్య వచ్చేది. 18,500 కాస్తా ఏ 7గానో మారినా హెచ్చరిక ఉండేది కాదు.

అంకెలన్నీ శుభ్రంగా ఉన్నా గుంటూరు పత్తి లెక్కల్లో ఇంకో గండి ఉంది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా విడిపోయింది. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 1970కి ముందు లెక్కల్లో గుంటూరు అంటే ఒంగోలు కూడా కలిసినదే.

రైతు నేడు పత్తిని క్వింటాలు లెక్కన అమ్ముతాడు. అదే పత్తి జిన్నింగు మిల్లు దాటి దూదిగా బయటికొస్తే ధర కండీ మీద పలుకుతుంది. ఆ కండీ 356 కిలోలు. అవి పాత 784 పౌన్లే.