కాగితం మీదికెక్కని ఖర్చు

పేపరు మిల్లున్న ఊళ్ళో పెరిగినవాళ్ళకు గాలి ఎటు తిరిగిందో ముక్కే చెబుతుంది. కుళ్ళిన కోడిగుడ్డును తలపించే ఆ వాసన, కర్రను గంధకపు రసాయనాలతో ఉడికించేచోట పుడుతుంది. చేతికి తెల్లగా, మడత నలగకుండా వచ్చే కాగితం నిజానికి వండిన సరుకు. దానికి కట్టె కావాలి, నీళ్ళు కావాలి, పొయ్యి కావాలి. రెండు వందల ఏళ్ళుగా ఈ మూడింటి ఖర్చూ ఎవరెవరి నెత్తిన పడుతూ వచ్చిందో చూస్తే కాగితం చరిత్ర ఇంకోలా కనిపిస్తుంది.

తాటాకు మీద గంటంతో రాసుకున్నన్నాళ్ళూ ఆకును కాస్త ఉడికించి ఆరబెడితే సరిపోయేది. పారశీకపు 'కాగజ్' మన నోట కాగితమయ్యాక కూడా చాలాకాలం అది చేతిపనే. చింకిగుడ్డలు నానబెట్టి, దంచి, జల్లెడతో ఎత్తి, ఎండలో ఆరబెట్టేవారు. ఇంధనమంతా మనిషి రెక్కలూ, సూర్యుడూ. 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణాన్ని అచ్చువేసిన సెరాంపూరులోనే ఈ పద్ధతి మారింది. అక్కడి మిషనరీల కాగితపు మిల్లును తొలుత కూలీలు కాళ్ళతో చక్రం తొక్కి నడిపేవారు. 1820లో ఇంగ్లండు నుంచి ఆవిరియంత్రం దిగింది. మన దేశంలో కాగితం బొగ్గు తినడం మొదలైంది అప్పుడే.

అచ్చు పెరిగేకొద్దీ చింకిగుడ్డలు చాలలేదు. కర్రలో సుమారు సగం మాత్రమే కాగితానికి పనికొచ్చే సెల్యులోజు. నారను పట్టి ఉంచే లిగ్నిన్ అనే జిగురును కరిగించి వదిలించాలి. 1879లో జర్మనీలో కార్ల్ డాల్ కనిపెట్టిన క్రాఫ్ట్ పద్ధతి ఆ పని చేసింది. అయితే కరిగిన జిగురూ రసాయనాలూ కలిసి నల్లని కషాయంలా మిగిలేవి. 1930లలో కెనడాలో టామ్లిన్సన్ రూపొందించిన రికవరీ బాయిలరు దాన్ని చిక్కబరిచి మండించడం నేర్పింది. జిగురు కాలి ఆవిరినిస్తుంది, రసాయనాలు అడుగున తిరిగి దొరుకుతాయి. కర్రే కట్టె కూడా అయింది. కర్ర నుంచి గుజ్జు తీసే పెద్ద మిల్లులు తమ ఇంధనంలో మంచి వాటాను నేటికీ ఇలాగే సంపాదించుకుంటున్నాయి.

మన దగ్గర కర్రంటే ముందు వెదురే. డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో విలియం రైట్ వెదురు గుజ్జుకు దారి చూపాడు. 1925లో ప్రభుత్వం ఆ పరిశ్రమకు రక్షణ చట్టం చేసింది. రాజమండ్రిలో కాగితపు మిల్లు వెలిసింది ఆ దశకంలోనే. ఎగువన ఏజెన్సీ వెదురు, పక్కన గోదావరి ఉండగా అంతకన్నా అనువైన చోటు ఏముంటుంది? నిజాం రాజ్యంలో 1938లో సిర్పూరు పేపర్ మిల్లుకు పునాది పడింది, 1942లో ఉత్పత్తి మొదలైంది. కొత్తపేట అనే పల్లె కాగజ్‌నగర్ అయిపోయింది. ఆదిలాబాదు అడవి ఒకవైపు, సింగరేణి బొగ్గు మరోవైపు. భద్రాచలానికి ఎదురుగా సారపాకలో 1979లో మొదలైన మిల్లుకూ అడవీ, నదీ, బొగ్గూ దగ్గరే.

ఆ అడవి వెల ఎంతో తెలియాలంటే పొరుగునున్న కర్ణాటకకు వెళ్ళాలి. అక్కడ దండేలి మిల్లుకు ప్రభుత్వం టన్ను వెదురు రూపాయిన్నరకు ఇచ్చింది. బుట్టలల్లే మేదరి బజారులో కొనాలంటే టన్ను వేలల్లో పలికేది. 1970లలో మేదరులు గోల పెడితే పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ అడవిలో తిరిగి పరిశీలించాడు. వెదురు పొద మొదట్లో ముళ్ళకొమ్మలు కంచెలా అల్లుకుని లేత పిలకలను కాపాడతాయి. నరకడానికి అడ్డమని మిల్లు కూలీలు ఆ ముళ్ళను ఊడ్చేసేవారు. మర్నాటి నుంచి పిలకలు పశువుల పాలు. మేదరే అడవిని నాశనం చేస్తున్నాడన్న మాట నిజం కాదని అలా తేలింది. వెదురు తరిగిపోయాక మిల్లు ఇంకో అడవికి మళ్ళింది, మేదరి మాత్రం ఎక్కడికీ మళ్ళలేకపోయాడు.

తర్వాతి ఖర్చు నదిది. గుజ్జు తెల్లబడటానికి వాడే క్లోరిన్ వాయువు నీటిలో డయాక్సిన్ల వంటి విషాలను మిగులుస్తుందని 1980లలో స్వీడన్‌లోనూ అమెరికాలోనూ బయటపడింది. మన కాలుష్య నియంత్రణ మండలి కాగితాన్ని అత్యధిక కాలుష్య పరిశ్రమల జాబితాలో పెట్టింది. క్లోరిన్ వాయువు లేకుండా గుజ్జును తెల్లబరిచే పద్ధతి 2002లో మన దేశంలో మొదటిసారి సారపాకలోనే వచ్చింది. ఆ పద్ధతిలో అలాంటి విషాలు బాగా తగ్గుతాయి.

పొయ్యి ఖర్చు మాత్రం అంత తేలిగ్గా తగ్గేది కాదు. యంత్రం తల దగ్గర జాలీ మీద పడే గుజ్జులో నార ఒక శాతం, మిగతా 99 శాతం నీరు. కిలో కాగితానికి దాదాపు వంద లీటర్లు. చాలా నీరు జాలీలోంచి దానంతటదే కారుతుంది, కొంత రోలర్ల మధ్య పిండితే పోతుంది. చివరికి మిగిలే లీటరుకు పైగా నీటిని ఆవిరితో కాగే సిలిండర్ల మీద ఎగరగొట్టాలి. మిల్లులో ఆవిరి ఎక్కువగా ఖర్చయ్యేచోట్లలో ఇది ముందుంటుంది. తడిబట్టను గట్టిగా పిండకుండా ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టబోతే ఎంత బొగ్గు కాలుతుందో ఇక్కడా అంతే. పిండేటప్పుడే పొడితనం ఒక శాతం పెరిగితే ఆరబెట్టే ఆవిరిలో సుమారు 4 శాతం మిగులుతుందని మిల్లుల్లో లెక్క. 2012లో కేంద్రం పెట్టిన ఇంధన పొదుపు పథకంలో తొలి ఎనిమిది రంగాల్లో కాగితమూ ఉంది. పొదుపుకు లక్ష్యం పెట్టి, దాటినవారికి అమ్ముకునే పత్రాలిచ్చారు.

పాత కాగితాన్నే తిరిగి గుజ్జు చేస్తే ఈ బెడద పోతుంది కదా అనిపిస్తుంది. చెట్టు మిగులుతుంది, మొత్తం ఇంధనమూ తగ్గుతుంది. కానీ పాత కాగితంతో నడిచే మిల్లులో కర్ర ఉడకదు కాబట్టి నల్లకషాయమూ ఉండదు. అక్కడ కావలసిన ఆవిరి చాలావరకు బొగ్గు నుంచే రావాలి. చెట్టును కాపాడిన కాగితం బొగ్గుకు మరింత దగ్గరవుతుంది.

ఇక కట్టె. 1988 అటవీ విధానం పరిశ్రమలకు అడవిని చౌకగా ఇవ్వకూడదంది, రైతులతో కలిసి కర్ర పెంచుకోమంది. సారపాక మిల్లు 1989లో క్లోన్ మొక్కల పరిశోధన మొదలుపెట్టింది. జామాయిల్, సుబాబుల్, సరుగుడు తోటలు ఖమ్మం నుంచి ప్రకాశం దాకా మెట్టచేలలోకి పాకాయి. అడవి మీది గొడ్డలి చేనుకు మళ్ళింది. ఇది మంచి మార్పే. కూలీల కొరత ఉన్నచోట, వాన నమ్మకం లేనిచోట మూడు నాలుగేళ్ళు చూడకపోయినా పెరిగే పంట రైతుకు అక్కరకొచ్చింది. కాకపోతే ఈ పంటకు కొనేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే. 2014లో సిర్పూరు మిల్లు మూతపడి 2018 దాకా తెరుచుకోలేదు. అలాంటప్పుడు కర్రను ఇంట్లో దాచుకునే వీలు లేదు.

నరికిన సుబాబుల్ రోజురోజుకూ ఆరుతుంది. లోడు కాటా ముందు వరసలో ఎన్ని రోజులు నిలబడితే అంత తేమ పోతుంది, అంత తూకం తగ్గుతుంది. మిల్లు లోపల కాగితంలోని నీటిని ఆర్చడానికి బొగ్గు కాలుస్తారు. ఆ ఖర్చు బ్యాలెన్సు షీటుకెక్కుతుంది, టన్ను ధరలో కలుస్తుంది. మిల్లు బయట ఎండకు కర్రలోంచి ఆరిపోయే నీటి ఖర్చు మాత్రం రైతుది. కాటా చీటీ మీద మిగిలిన బరువే ఉంటుంది.